ప్రాసెసర్ మార్చాక 8 జీబీ ర్యామ్‌లో సగమే పనిచేస్తోంది, కొత్త ర్యామ్ కొనాలా?

భీమవరం_డీటీపీ
అందరికీ నమస్కారం. మాది పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే చిన్న షాపు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫొటోషాప్ అన్నీ 2011 నాటి లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఐ3-2310ఎం ప్రాసెసర్, హెచ్‌ఎం65 చిప్‌సెట్, 4+4 జీబీ డీడీఆర్3 1333 ర్యామ్, విండోస్ 10. పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే ఏడిపిస్తోందని సెకండ్ హ్యాండ్‌లో ఐ7-2720క్యూఎం తెప్పించి వేశాను. ఆన్ అయింది, నాలుగు కోర్లూ కనిపిస్తున్నాయి. కానీ సిస్టమ్ ప్రాపర్టీస్‌లో ర్యామ్ దగ్గర "8 జీబీ (3.95 జీబీ యూజబుల్)" అని చూపిస్తోంది. ఎప్పుడైనా ఒకసారి 8 జీబీ మొత్తం వస్తుంది. అలా వచ్చిన రోజు కాసేపటికే నీలం తెర, దాని మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని ఎర్రర్.

ప్రాసెసర్ అమ్మిన షాపతన్ని అడిగితే "ఐ7 స్పీడుకి మీ పాత ర్యామ్ తట్టుకోవట్లేదు, కొత్త జత వేసుకోండి" అంటున్నాడు. నిజమేనా? ముహూర్తాల సీజన్ కదా, టెన్షన్‌గా ఉంది.

నీలితెర
ముందు తేలికవి తేల్చుకుందాం. విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా? 32 బిట్ అయితే 4 జీబీ దాటి వాడుకోదు, దానికి ప్రాసెసర్‌తో పనిలేదు. 64 అయితే ఎంఎస్‌కాన్ఫిగ్ (విండోస్ ఎలా మొదలవ్వాలో చెప్పే సెట్టింగ్స్) తెరిచి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నొక్కి, మాగ్జిమమ్ మెమరీ దగ్గర టిక్ ఉందేమో చూడండి. "పీసీ స్పీడు పెంచే చిట్కాలు" వీడియోలు చూసి చాలామంది అక్కడ టిక్ పెట్టేసి మర్చిపోతారు.

ఓరుగల్లు_గేమర్
బ్రో, డీడీఆర్3 ఇప్పుడు చవగ్గానే దొరుకుతోంది. ఒక జత తెచ్చి వేసేయ్, తలనొప్పి పోతుంది.

భీమవరం_డీటీపీ
నీలితెర మేడమ్, 64 బిట్టే. టిక్ లేదు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు ప్రోగ్రామ్) కూడా చాలాసార్లు 4096 ఎంబీ అనే చూపిస్తోంది. ఐ3 ఉన్నప్పుడు ఇదే విండోస్‌లో 8 జీబీ పూర్తిగా వచ్చేది.

టంకం
ర్యామ్ కొనకండి. ఇంకా ఏదీ కొనకండి.

ఈ తరం ప్రాసెసర్లలో ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ చిప్‌లోనే ఉంటుంది. మీ లాప్‌టాప్‌లో రెండు స్లాట్లు, ఒక్కో స్లాట్‌కి ఒక్కో ఛానెల్, అంటే డేటా నడిచే దారి. ఆ రెండు ఛానెళ్ల తీగలూ మదర్‌బోర్డు మీదుగా నేరుగా ప్రాసెసర్ సాకెట్‌కి వెళ్తాయి. అంటే మీరు ప్రాసెసర్ ఊడదీసినప్పుడు ర్యామ్ కనెక్షన్ కూడా ఊడదీసి మళ్లీ పెట్టినట్టే. ఆ సాకెట్‌కి 988 రంధ్రాలు, ప్రాసెసర్ కింద అన్ని సన్నటి పిన్నులు. ఒక ఛానెల్‌కి చెందిన ఒక్క పిన్ను సరిగ్గా తగలకపోయినా ఆ స్లాట్ మొత్తం పోయినట్టు కనిపిస్తుంది.

షాపతను చెప్పిన మాటలో పస లేదు. ఐ3-2310ఎం ర్యామ్‌ని 1333 స్పీడు దగ్గర నడిపేది. ఐ7-2720క్యూఎం 1600 దాకా వెళ్లగలదు కానీ, 1333 స్టిక్స్ (ర్యామ్ పలకలు) పెడితే 1333 దగ్గరే నడుపుతుంది. ర్యామ్ మీద కొత్తగా పడే బరువేమీ లేదు. పైగా మీకు ఒక్కోసారి 8 జీబీ వచ్చి, ఆ తర్వాతే నీలం తెర వస్తోందంటున్నారు. అంటే కనెక్షన్ పూర్తిగా తెగలేదు, తగిలీ తగలనట్టుంది. ఆన్ చేసినప్పుడు ఛానెల్ నిలబడితే 8 జీబీ, లేకపోతే బయోస్ దాన్ని వదిలేసి 4 జీబీతో ముందుకెళ్తుంది.

ఇప్పుడు ఇలా చేయండి. రెండు స్టిక్స్‌లో ఒక్కటే ఉంచి మొదటి స్లాట్‌లో చూడండి. అదే స్టిక్ రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. తర్వాత రెండో స్టిక్‌తో ఇదే. ప్రతిసారీ అడాప్టర్ పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాకే ర్యామ్ ముట్టుకోండి.

నీలితెర
దాంతోపాటు సీపీయూ-జెడ్ (ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూపించే ప్రోగ్రామ్) పెట్టి రెండు ట్యాబ్‌లు చూడండి. మెమరీ ట్యాబ్‌లో ఛానెల్ దగ్గర సింగిల్ అనుందా, డ్యూయల్ అనుందా? ఎస్‌పీడీ ట్యాబ్‌లో రెండు స్లాట్లలోని స్టిక్స్ వివరాలూ వస్తున్నాయా? రిసోర్స్ మానిటర్‌లో మెమరీ దగ్గర హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ (విండోస్‌కి అందకుండా పక్కన పెట్టిన ర్యామ్) అని ఎంతుందో కూడా చెప్పండి.

పాతసామాన్లు
టంకం గారి మాట నిజమే కానీ, నాలాంటి పాతకాలపోళ్లకి ఇది వింతగా ఉంటుంది. కోర్ 2 డుయో లాప్‌టాప్‌లు చాలానే విప్పాను. అప్పుడు మెమరీ కంట్రోలర్ మదర్‌బోర్డు మీది నార్త్‌బ్రిడ్జ్ అనే వేరే చిప్‌లో ఉండేది. టీ5750 తీసి టీ9300 వేసినా ర్యామ్‌కి తెలిసేది కాదు. అక్కడ గొడవంతా ఎఫ్‌ఎస్‌బీ (ప్రాసెసర్‌కీ నార్త్‌బ్రిడ్జ్‌కీ మధ్య దారి) స్పీడు దగ్గరే: 965 చిప్‌సెట్ బోర్డు 800తో ఆగిపోతుంది, 1066 ప్రాసెసర్ వేస్తే కుదరదు. ఏఎండీ వాళ్లు మాత్రం 2003లో అథ్లాన్ 64 నుంచే కంట్రోలర్‌ని ప్రాసెసర్‌లోకి తెచ్చేశారు. ఇంటెల్ ఆ దారిలోకి వచ్చింది 2008లో.

షాపుల్లో చాలామంది ఇప్పటికీ ఆ పాత లెక్కలోనే "ర్యామ్ సమస్యా? ర్యామ్ మార్చు" అంటారు.

ఓరుగల్లు_గేమర్
అంటే నేను చెప్పింది తప్పేనా పెద్దాయనా 😀

పాతసామాన్లు
నువ్వు చెప్పింది తప్పని కాదు తమ్ముడూ, డబ్బులు దండగ అంటున్నా.

భీమవరం_డీటీపీ
చూశాను. ఏ స్టిక్ అయినా మొదటి స్లాట్‌లో ఒంటరిగా పెడితే బానే ఉంది. రెండో స్లాట్‌లో ఒంటరిగా ఏది పెట్టినా నల్ల తెర, ఫ్యాన్ తిరుగుతుంది, అంతే. రెండూ పెడితే మెమరీ ట్యాబ్‌లో సింగిల్. హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ 4 జీబీకి కాస్త పైన. విచిత్రం ఏంటంటే ఎస్‌పీడీ ట్యాబ్‌లో మాత్రం రెండు స్టిక్స్ కంపెనీ పేరుతో సహా కనిపిస్తున్నాయి! రెండో స్టిక్ కనిపిస్తున్నప్పుడు దాన్ని వాడుకోవడానికేం?

టంకం
అందులో విచిత్రం లేదు, మనకి ఉపయోగపడే ఆధారం అదే.

ప్రతి స్టిక్ మీదా ఒక బుల్లి చిప్ ఉంటుంది. దాంట్లో ఆ స్టిక్ ఎంత జీబీ, ఎంత స్పీడు, ఎవరు చేశారు అనే వివరాలు రాసి ఉంటాయి. అదే ఎస్‌పీడీ. ఆ వివరాలు చదివే దారి వేరు. ఎస్ఎంబస్ అనే నిదానమైన రెండు తీగల మీదుగా చిప్‌సెట్ దాన్ని చదువుతుంది, ప్రాసెసర్ పిన్నులతో దానికి సంబంధం లేదు. అసలు డేటా నడిచే దారి మాత్రం ప్రాసెసర్ సాకెట్ మీదుగానే వెళ్తుంది. రెండో స్టిక్ వివరాలు అందుతున్నాయి, దాంట్లోకి డేటా వెళ్లట్లేదు. మీ స్క్రీన్ మీది "8 జీబీ (3.95 యూజబుల్)"లో మొదటి అంకె ఆ వివరాల నుంచి వచ్చింది, రెండోది నిజంగా పనిచేస్తున్న లెక్క.

స్టిక్స్ రెండూ మంచివే. ఇక మిగిలినవి మూడు: రెండో స్లాట్, సాకెట్‌లో కాంటాక్ట్, లేదా ప్రాసెసర్‌లోని కంట్రోలరే ఒక పక్క పోయి ఉండటం.

వైజాగ్_వోల్టు
నాకు స్లాట్ మీదే అనుమానం. లాప్‌టాప్ విప్పినప్పుడు స్లాట్ దగ్గర టంకం వదిలేయడం చాలా చూశాను. పిన్నుల దాకా ఎందుకు వెళ్తున్నారు?

టంకం
వాదించుకోవడం ఎందుకు, పాత ఐ3 ఉందిగా. అది తిరిగి వేసి రెండో స్లాట్ చూస్తే తేలిపోతుంది.

డల్లాస్_బావ
ఇక్కడ ఇంకో కోణం కూడా చూడండి. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఇంజినీరింగ్ శాంపిల్స్ చాలా తిరుగుతాయి. ఇంటెల్ అమ్మకానికి ముందు కంపెనీలకి పరీక్ష కోసం ఇచ్చే చిప్స్ అవి. వాటిలో తొలి రకాలకి మామూలు బయోస్‌తో సరిపడదు, ర్యామ్ దగ్గర పిచ్చి వేషాలు వేస్తాయి. ప్రాసెసర్ పైన కోడ్ చదవండి. ఈ తరంలో అసలు సరుకైతే ఎస్‌ఆర్‌తో మొదలవుతుంది, శాంపిల్ అయితే క్యూతో. సీపీయూ-జెడ్‌లో కూడా పేరు పక్కన ఈఎస్ అని వస్తుంది.

భీమవరం_డీటీపీ
డల్లాస్ బావగారూ, ఎస్‌ఆర్ అనే ఉంది. ఈఎస్ అని ఎక్కడా లేదు.

టంకం గారూ, ఐ3 తిరిగి వేశాను. 8 జీబీ, డ్యూయల్! రెండో స్లాట్ ఒంటరిగా కూడా పనిచేసింది. నీలం తెర లేదు.

వైజాగ్_వోల్టు
సరే, స్లాట్ బానే ఉంది. నా మాట వెనక్కి. అయితే ఒకటి. ఈసారి ఐ7 వేసేటప్పుడు హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడి లాగే లోహపు భాగం) స్క్రూలు ఒక మూల పూర్తిగా బిగించేసి ఇంకో మూలకి వెళ్లొద్దు. పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి, ఆ వరసలో కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ రావాలి. ఒక పక్కే నొక్కుకుపోతే ప్రాసెసర్ సాకెట్‌లో సమంగా కూర్చోదు.

నిదానం
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇలాంటి కథే కానీ కారణం వేరు. ఐ5-2520ఎం తీసి 2760క్యూఎం వేశాను. నా దగ్గర ఒక 1333 స్టిక్, తర్వాత కొన్న 1600 స్టిక్ కలిసి ఉండేవి. ఐ5తో ఏళ్ల తరబడి ఇబ్బంది లేదు. ఐ7 వేశాక ర్యామ్ మొత్తం కనిపిస్తుంది, కానీ బరువైన పని పెడితే నీలం తెర. రెండు స్టిక్స్ ఒకేలాంటివి వేశాక ఆగిపోయింది. మరి నా విషయంలో ర్యామ్ మార్చడమే మందు అయింది కదా?

టంకం
అయింది, కాదనను. కానీ మీ లక్షణం వేరు, గమనించండి. మీకు రెండు ఛానెళ్లూ పూర్తిగా కనిపించాయి, బరువు పడ్డప్పుడే తప్పులొచ్చాయి. అది స్టిక్స్ టైమింగ్ కుదరకపోవడం. వేర్వేరు స్టిక్స్ పెట్టినప్పుడు రెండూ ఒప్పుకునే తక్కువ స్పీడు ఎంచుకోవడం బయోస్ పని. లాప్‌టాప్ బయోస్‌లో మనం చేత్తో మార్చుకునే వీలు సాధారణంగా ఉండదు, కాబట్టి జత మార్చడమే దారి. భీమవరం వారి దగ్గర ఒక ఛానెల్ మొత్తంగా మాయమైంది, అదీ ఏ స్టిక్ పెట్టినా. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

నీలితెర
ఇదే తరం ప్రాసెసర్ల గురించి ఇంకో ముక్క, ఎవరికైనా పనికొస్తుందని. నాలుగు ర్యామ్ స్లాట్లున్న పెద్ద వర్క్‌స్టేషన్ లాప్‌టాప్‌లు ఉంటాయి కదా, వాటిలో క్వాడ్ కోర్ తీసి డ్యూయల్ కోర్ వేస్తే రెండు స్లాట్లు పనిచేయవు. అది పాడవడం కాదు. ఈ తరం డ్యూయల్ కోర్ మొబైల్ చిప్స్ ఛానెల్‌కి ఒక్క స్టిక్కే నడుపుతాయి. వేడి తగ్గుతుందని అలా మార్చుకుని, బోర్డు పోయిందని ఏడ్చినవాళ్లున్నారు.

విండోస్ 7 హోమ్ బేసిక్ వాడేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే, దానికి 8 జీబీయే హద్దు. 16 పెట్టి ప్రాసెసర్‌ని తిట్టకండి.

టంకం
ఇక పిన్నుల పని. తొందరపడితే ఉన్న ప్రాసెసర్ కూడా పోతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

సాకెట్ పక్కన ఒక పెద్ద స్క్రూ ఉంటుంది, పక్కనే తాళం బొమ్మ. దాన్ని సగం చుట్టు తిప్పితే పిన్నుల పట్టు వదులుతుంది. అది పూర్తిగా తిప్పాకే ప్రాసెసర్‌ని నిటారుగా పైకి లేపాలి, ఒక పక్క నుంచి ఎత్తకూడదు. ఎత్తాక తిరగేసి, టేబుల్ లైటు కింద వాలుగా పట్టుకుని వరసల వెంబడి చూడండి. వరి నాట్ల సాళ్లలా అన్నీ తిన్నగా కనిపించాలి, ఒకటి వాలితే వెంటనే తెలుస్తుంది. నాలుగు వైపుల నుంచీ చూడండి, ఒక వైపు నుంచి తిన్నగా కనిపించింది ఇంకో వైపు నుంచి వాలి కనిపించవచ్చు. ఫోన్ కెమెరా జూమ్ చేసి ఫొటో తీసుకుంటే కంటికన్నా నయం.

వాలిన పిన్ను దొరికితే పట్టకారు వాడకండి. లెడ్ తీసేసిన 0.5 మెకానికల్ పెన్సిల్ మొన ఆ పిన్నుకి తొడిగి, నెమ్మదిగా ఒకే దిశలో తిన్నగా చేయండి. ఇటూ అటూ పదేపదే వంచితే విరుగుతుంది.

ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే పేస్ట్ లాంటిది పిన్నుల మీద ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్. కరెంటు పారని మామూలు పేస్ట్ అయితే షార్ట్ అవ్వదు, కానీ పిన్నుకీ సాకెట్‌కీ మధ్య అడ్డుపడుతుంది. సాకెట్ రంధ్రాల్లోకి కూడా టార్చ్ వేసి చూడండి. ఐ3 పనిచేసింది కాబట్టి సాకెట్ బానే ఉంటుందని నా అంచనా. ఏ పిన్ను ఏ ఛానెల్‌దో తెలుసుకోవాలంటే ఇంటెల్ డేటాషీట్ మొదటి సంపుటిలో పటం ఉంది. ఎస్‌ఏ_డీక్యూ అని ఉన్నవి మొదటి ఛానెల్ డేటా పిన్నులు, ఎస్‌బీ_డీక్యూ అన్నవి రెండోదానివి.

తిరిగి వేసేటప్పుడు మూల త్రిభుజం గుర్తు చూసుకుని వదిలితే దాని బరువుకే దిగిపోవాలి. నొక్కాల్సి వస్తోందంటే ఎక్కడో పిన్ను అడ్డుపడుతున్నట్టే, ఆపేయండి.

ఓరుగల్లు_గేమర్
అన్నా, భీమవరంలో ఐసోప్రొపైల్ దొరుకుతుందా? శానిటైజర్ వాడొచ్చా?

టంకం
శానిటైజర్ వద్దు. జెల్ అయితే దాంట్లోని చిక్కటి పదార్థం పిన్నుల మీద మిగిలిపోతుంది. మొబైల్ రిపేర్ చేసేవాళ్ల దగ్గర ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) సీసా ఉంటుంది, కొంచెం అడిగితే ఇస్తారు.

భీమవరం_డీటీపీ
దొరికింది!! ఒక అంచున నాలుగైదు పిన్నుల మొదట్లో ఎండిపోయిన బూడిద రంగు పేస్ట్. అది నేను వాడిన పేస్ట్ కాదు, నాది తెల్లది. వచ్చేటప్పుడే ఉందన్నమాట. వాటి పక్కన ఒక పిన్ను కొంచెం వాలింది. ఫోన్‌లో జూమ్ చేస్తేనే తెలిసింది. సందు చివర మొబైల్ షాపు తమ్ముడి దగ్గర ఐపీఏ తెచ్చి కడిగాను. పిన్ను పెన్సిల్‌తో తిన్నగా చేశాను, చెమటలు పట్టాయి. డేటాషీట్ పటంతో పోల్చి చూస్తే పేస్ట్ అంటిన వాటిలో ఎస్‌బీ_డీక్యూ పిన్నులు ఉన్నాయి.

వేసి ఆన్ చేస్తే చాలాసేపు నల్ల తెర. ప్రాణం పోయినంత పనైంది. తర్వాత దానంతట అదే వచ్చింది. 8 జీబీ, 7.9 యూజబుల్, డ్యూయల్.

పాతసామాన్లు
ఆ నల్ల తెర మామూలే. ప్రాసెసర్ మారిందని గమనించి బయోస్ ర్యామ్‌ని మళ్లీ మొదటి నుంచి సరిచూసుకుంటుంది. ఆ టైములో కంగారుపడి పవర్ బటన్ నొక్కేవాళ్లే ఎక్కువ.

నీలితెర
సంతోషం. అయినా ఇప్పుడే కస్టమర్ ఫైళ్లు తెరవకండి. ఇంతకుముందు కూడా ఒక్కోసారి 8 జీబీ వచ్చింది కదా. పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) వేసి, రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు కనిపించినా కాంటాక్ట్ ఇంకా సరిగ్గా లేనట్టే. "ఒకటే కదా" అనుకోవద్దు, ఆ ఒక్కటి మీ ఫొటోషాప్ ఫైల్లో పడితే సేవ్ చేసినప్పుడు తెలియదు, మళ్లీ తెరిచినప్పుడు తెలుస్తుంది. నీలం తెరలు వచ్చిన రోజుల్లో సేవ్ చేసిన ఫైళ్లు కూడా ఒకసారి తెరిచి చూసుకోండి.

భీమవరం_డీటీపీ
మెమ్‌టెస్ట్ తెల్లారేదాకా నడిచింది, తప్పులు సున్నా. ఫైళ్లు చూశాను. ఒక ఫ్లెక్సీ పీఎస్‌డీ తెరుచుకోవట్లేదు, దానికి పాత కాపీ ఉంది కాబట్టి సరిపోయింది.

ఇంకో ప్రశ్న. పని పెడితే వేడి 95 డిగ్రీల దాకా వెళ్తోంది. ఇది మళ్లీ ర్యామ్‌కి ఏమైనా తెస్తుందా?

వైజాగ్_వోల్టు
ఐ3 35 వాట్లది, ఈ ఐ7 45 వాట్లది. మీ హీట్‌సింక్ ఐ3 కోసం ఇచ్చినదై ఉంటుంది. అదే మోడల్‌ని క్వాడ్ కోర్‌తో కూడా అమ్మారేమో సర్వీస్ మాన్యువల్‌లో చూడండి, అమ్మి ఉంటే దాని హీట్‌సింక్ వేరే ఉండొచ్చు. అడాప్టర్ కూడా 65 వాట్లదైతే 90కి మారండి. అప్పటిదాకా పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టండి. టర్బో (పని పడినప్పుడు స్పీడు దానంతట అదే పెంచుకోవడం) ఆగిపోతుంది, 2.2 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, వేడి బాగా దిగుతుంది. మీ పనికి నాలుగు కోర్లు ఎలాగూ ఉన్నాయి, టర్బో లేని లోటు పెద్దగా తెలియదు.

ర్యామ్ సంగతి అంటారా, వేడికి నేరుగా పాడవదు. కాకపోతే వేడెక్కినప్పుడే తప్పులొచ్చే రకం కాంటాక్టులుంటాయి. 99 పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి విండోస్‌లోనే నడిచే ర్యామ్ టెస్ట్ నడపండి, మెమ్‌టెస్ట్86+ విండోస్ బయట నడుస్తుంది కాబట్టి ఈ సెట్టింగ్ దానికి వర్తించదు.

భీమవరం_డీటీపీ
99 పెట్టాను, 78 దాటట్లేదు. రెండు రకాలుగానూ టెస్ట్ నడిపాను, తప్పులు లేవు. అందరికీ ధన్యవాదాలు. టంకం గారూ, భీమవరం వస్తే చెప్పండి, పూతరేకులు నావి.

ఓరుగల్లు_గేమర్
నాది 8వ తరం ఐ5 లాప్‌టాప్. దీంట్లో ఐ7 వేయొచ్చా?

పాతసామాన్లు
కుదరదు తమ్ముడూ. ఇంటెల్ లాప్‌టాప్ ప్రాసెసర్లలో సాకెట్ ఉన్న ఆఖరి తరం నాలుగోది. ఐదు నుంచి అన్నీ బోర్డుకి అతికించినవే. నువ్వు ర్యామ్ కొనుక్కో, ఈసారి అది సరైన సలహా.

రాజమండ్రి_రూటర్
నాకూ సాయం చేయండి. సెలెరాన్ 1000ఎం తీసి ఐ5-3210ఎం వేశాను, హెచ్‌ఎం70 చిప్‌సెట్. ర్యామ్ మొత్తం కనిపిస్తోంది. కానీ మెమ్‌టెస్ట్ పూర్తవడం లేదు. అరగంటకల్లా లాప్‌టాప్ ఆఫ్. ఇది కూడా పిన్ను సమస్యేనా? ర్యామ్ వేడెక్కి ఆగిపోతోందా?

టంకం
రెండూ కాదు. ప్రతిసారీ కచ్చితంగా అరగంటకే ఆగుతోందా? అయితే అది హెచ్‌ఎం70 పెట్టే ఆంక్ష. ఆ చిప్‌సెట్‌ని ఇంటెల్ సెలెరాన్, పెంటియమ్‌లకే పరిమితం చేసింది. కోర్ ఐ3, ఐ5, ఐ7 ఏది వేసినా సుమారు 30 నిమిషాలకి ఆపేస్తుంది. బయోస్ అప్‌డేట్‌తో పోయేది కాదు. ఐ5ని వెనక్కి ఇవ్వగలిగితే ఇచ్చేసి పెంటియమ్ 2020ఎం వెతకండి. అదే సాకెట్, అదే 35 వాట్లు, మీ 1.8 గిగాహెర్ట్జ్ సెలెరాన్ బదులు 2.4 వస్తుంది. ర్యామ్ టెస్ట్ అది వేశాక చేయండి, ఇప్పుడు చేసి లాభం లేదు.